వెల్డా పిలవని అంకె

వెల్డా టకాచ్ కూర్చుని ఉండగా చూసినవాళ్లు మా ఊరు స్టోబ్లీలో ఎవరూ లేరు. చర్చిలో కూడా చివరి బెంచీ వెనక గోడకు ఆనుకుని నిలబడేది. మధ్యాహ్నం రొట్టె ముక్క నడుస్తూనే తినేది. ఆఫీసు గదిలో ఆమెకు గుండ్రంగా తిరిగే మంచి కుర్చీ ఒకటి ఉంది. దాని మీద ఎప్పుడు చూసినా ఒక ఫైళ్ల దొంతరే. పాత బిల్లులేమో అనుకునేదాన్ని. తీసి పక్కన పెట్టి కూర్చోవచ్చు కదా అని నేను ఒకటికి పదిసార్లు అడిగాను. తీరిక లేదనేది.

నా పేరు నెడ్రా. పెల్‌ట్రీ రేకుల ఫ్యాక్టరీలో, రేకు నొక్కి కోసే ఆరో నంబరు ప్రెస్సు మీద ఇరవై రెండేళ్లు పనిచేశాను. ట్రాక్టర్లకూ మంచు తోసే బండ్లకూ కావలసిన రేకు ముక్కలు మా దగ్గర అచ్చుకొడతారు. ఎనభై మందిమి. ఇప్పుడు ఊళ్లో సగం మంది వెల్డాని దేవత అంటారు, సగం మంది ఇల్లు కూల్చిన మనిషి అంటారు. రెండు మాటలూ విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆమెని వాళ్లు సరిగ్గా చూడలేదు. నేను చూశాను, కొంచెం ఆలస్యంగా.

వెల్డా ఆ కాళ్ల తత్తరపాటు చిన్నప్పుడే తెచ్చుకుంది. వాళ్ల నాన్న పింగాణీ కొలిమిలో పనిచేసేవాడు. ఆమెకి పదేళ్లప్పుడు మట్టి బండి ఒరిగి ఆయన పాదం నుజ్జయింది. ఆయన రాష్ట్ర బీమాకి క్లెయిమ్ పెట్టుకున్నాడు, డబ్బు వచ్చింది. మరుసటి ఏడు కొలిమి మూసేశారు. టకాచ్ పెట్టిన క్లెయిమ్ వల్లే యజమాని మీద ప్రీమియం భారం పడిందని, అందుకే మూసేశాడని ఊరంతా అనుకుంది. బడిలో పిల్లలు వెల్డాతో ఆడటం మానేశారు. మీ నాన్న పాదం మా అన్నం తన్నేసింది అని ఒకమ్మాయి ఆమె మొహం మీదే అంది. ఆ అమ్మాయి నేనే. అప్పుడు నాకూ పదేళ్లే. మా అమ్మ వంటింట్లో అన్న మాటనే నేను బడికి మోసుకెళ్లాను.

నిజానికి ఆ కొలిమి ఎలాగూ మూతపడేదే. యజమానులు అంతకు ముందే మట్టి గనులు అమ్ముకున్నారు. ఈ సంగతి వెల్డాకి నలభై ఏళ్లు దాటాక తెలిసింది. తెలిసి ఏం లాభం, అప్పటికే ఆమెకి ఒక భయం ఎముకల్లోకి పోయింది. క్లెయిమ్ అన్న మాట వినబడితే ఆమెకి ఫ్యాక్టరీ గేటుకి తాళం వేసిన చప్పుడు వినబడేది. అలాంటి మనిషికి పెల్‌ట్రీ వాళ్లు దెబ్బల లెక్క చూసే ఉద్యోగం ఇచ్చారు.

మా ఒహాయోలో పనివాళ్ల బీమా రాష్ట్రమే నడుపుతుంది. యజమాని ఏటా ప్రీమియం కడతాడు. దెబ్బలు తక్కువగా ఉన్న చిన్న ఫ్యాక్టరీలు పది పన్నెండు కలిసి ఒక జట్టు కడితే ఆ జట్టుకి పెద్ద రాయితీ ఇస్తారు. జట్టులో ఎవరికైనా పెద్ద క్లెయిమ్ వస్తే వాళ్లని బయటికి గెంటేస్తారు, ప్రీమియం రెండింతలో మూడింతలో అవుతుంది. మా యజమాని డ్వైట్ పెల్‌ట్రీ చెడ్డవాడేమీ కాదు. వాళ్ల తాత పెట్టిన ఫ్యాక్టరీని తన చేతుల మీద మూయకూడదన్నదే ఆయన బెంగ. ఆయన బెంగా, వెల్డా భయమూ కలిస్తే పుట్టిందే మా బింగో అనే అంకెల ఆట.

అందరికీ తలా ఒక కార్డు, దాని మీద ఇరవై నాలుగు అంకెలు. సోమవారం పొద్దున ఏడింటికి వెల్డా మైకు పట్టుకుని డబ్బాలోంచి ఒక బిళ్ల తీసి ఒక అంకె పిలిచేది. వారానికి ఒక్కటే. కార్డు మొత్తం ముందుగా నిండినవాళ్లకి ఒక పెద్ద ఫ్రీజరు, దాని నిండా సగం ఎద్దు మాంసం. ఆ ఫ్రీజర్ని హాజరు గడియారం పక్కనే పెట్టారు, ఎర్ర రిబ్బను కట్టి, కరెంటు కూడా ఇచ్చి. ఖాళీగా గుర్రుమంటూ ఉండేది. పొద్దున వచ్చేటప్పుడూ సాయంత్రం పోయేటప్పుడూ దాని పక్కనుంచే నడవాలి. మూత ఎత్తి లోపలికి చూడనివాడు మాలో లేడు.

ఒక్కటే షరతు. ఎవరైనా దెబ్బ తగిలిందని రాయించుకుంటే ఎనభై కార్డులూ చింపేసి మళ్లీ మొదటి నుంచి. గేటు దగ్గర బోర్డు మీద ప్రమాదం లేని రోజుల అంకె కూడా సున్నాకి వస్తుంది. వెల్డా రోజూ పొద్దున నిచ్చెనెక్కి ఆ అంకె మార్చేది. మంచు పడినా ఎక్కేది. ఆ అంకె పెరిగే కొద్దీ మేం వేళ్లు దాచుకోవడం నేర్చుకున్నాం. ఎవడికైనా చెయ్యి తెగితే పక్కవాళ్లే రక్తం తుడిచి, గుడ్డ చుట్టి, నోరు మూసుకోమనేవాళ్లు. ఎవరూ బెదిరించక్కర్లేదు, ఫ్రీజరు వైపు ఒక్కసారి చూస్తే చాలు.

తెగిన చేతులన్నీ చివరికి వెల్డా గదికే చేరేవి. ఆమె కడిగి, మందు రాసి, కట్టు కట్టి, బల్ల మీది పసుపు నోటుబుక్కులో పెన్సిల్‌తో ఏదో రాసుకునేది. మరీ పెద్దదైతే తన కారులోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది. బిల్లు కంపెనీ కట్టేది. డాక్టరుకి మాత్రం ఇంటి దగ్గర తగిలిందని చెప్పాలి. ఓరిన్ స్టుక్కీకి కూడా అలాగే చెప్పించింది.

తొమ్మిదో ప్రెస్సు మీద పనిచేసే ఓరిన్‌కి ముప్పై ఎనిమిదేళ్లు. బోర్డు మీద అంకె నలభై అయిదు ఉన్న రోజున, పోయిన ఏడాది ఫిబ్రవరిలో, ఇనుప అచ్చు దిమ్మ జారుతుంటే భుజం అడ్డం పెట్టాడు. లోపల ఏదో తెగింది. మెట్ల మీద పడ్డానని డాక్టరుతో చెప్పమంది వెల్డా. అతనూ కాదనలేదు, అతని జేబులోనూ కార్డుంది మరి. నవంబరు వచ్చేసరికి ఆ చెయ్యి పైకి లేవడం మానేసింది. బరువు ఎత్తలేనివాడికి మా దగ్గర పని లేదు, ఇంటికి పంపేశారు. ఆపరేషన్ చేస్తే చెయ్యి వస్తుందన్నారు. కానీ మెట్ల మీద పడ్డవాడికి రాష్ట్రం ఎందుకిస్తుంది? క్లెయిమ్ పెట్టుకోవాలంటే దెబ్బ తగిలిన ఏడాది లోపలే పెట్టాలి. ఆ గడువు ఈ ఫిబ్రవరిలో ఒక శుక్రవారంతో తీరిపోతుంది.

ఆ వారం సోమవారం నాడు ఓరిన్ ఫ్యాక్టరీకి వచ్చాడు. వెల్డా అప్పుడే మైకులో అంకె పిలిచి వచ్చింది. నేను వేలి కట్టు మార్చుకునే వంకతో ఆమె గదిలో ఉన్నాను. నిజానికి నాకు ఒక్క అంకె మిగిలింది, యాభై ఎనిమిది. అది డబ్బాలో అసలు ఉందో లేదో ఆమె నుంచి కూపీ లాగుదామని వెళ్లాను. ఓరిన్ కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరినీ నిందించలేదు, దానికే నాకు చికాకేసింది.

"మిస్ వెల్డా, మీ పసుపు పుస్తకంలో ఆ రోజు పేజీ ఒక్కటి ఇప్పించండి చాలు" అన్నాడు. "నేనే తీసుకెళ్లి ఇచ్చుకుంటాను. మీ పేరు ఎక్కడా రానివ్వను."

వెల్డా ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది. నడుముకి కట్టుకున్న తాళంచెవుల గుత్తి గలగలలాడింది. మళ్లీ ఆ చివరికి నడిచింది. గురువారం రాజధాని కొలంబస్‌లో పని ఉందని, అది అయ్యాక చూద్దామని అంది. శుక్రవారమే ఆఖరు రోజని అతను మెల్లగా గుర్తుచేశాడు. తెలుసంది. అతను వెళ్లిపోయాక నేను ఊరుకోలేదు. ఆ పేజీ ఇస్తే నాలుగు వందల ఆరు రోజులూ గంగలో కలిసినట్టేనని, డ్వైట్‌ని జట్టులోంచి గెంటేస్తారని, మనందరి పని పోతుందని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఫ్రీజరు సంగతి మాత్రం ఎత్తలేదు. ఆమె నా వైపు చూసిన చూపుకి నేను చల్లగా జారుకున్నాను.

కొలంబస్‌లో పని ఏమిటంటే, రాష్ట్రం ఈ రాయితీల నిబంధనలన్నీ తిరగరాస్తోంది. ముసాయిదాలో ఒక వాక్యం చేర్చారు. దెబ్బలు రాయించుకోనందుకు బహుమతులు ఇచ్చే ఫ్యాక్టరీలకు ఇక రాయితీ ఉండదు. ఆ వాక్యం తీసేయించాలని మా జట్టులో యజమానులంతా ఒక్కటయ్యారు. ఎవరైనా వచ్చి తమ మాట చెప్పుకోవచ్చని రాష్ట్రం ఒక రోజు పెట్టింది. డ్వైట్ తరఫున వెల్డా మాట్లాడాలి. బింగో వచ్చాక మనుషులు ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తున్నారని, నాలుగు వందల తొమ్మిది రోజుల్లో ఒక్క ప్రమాదమూ లేదని ఒకటిన్నర పేజీ టైపు చేసి ఇచ్చాడు. పనివాళ్ల తరఫున ఒక మనిషి కూడా ఉంటే బాగుంటుందన్నారు. నేను నా కార్డు పట్టుకుని తయారయ్యాను. నన్నెవరూ బతిమాలలేదు.

ఆ మూడు రోజులూ వెల్డా కాలు కాలిన పిల్లిలా తిరిగింది. మంగళవారం నాడు నిచ్చెన మీద అంకె తలకిందులుగా తగిలించి, దిగి, మళ్లీ ఎక్కింది. బుధవారం సాయంత్రం పని అయ్యాక పార్కింగ్‌లో కారు చుట్టూ మూడుసార్లు తిరగడం నేను కళ్లారా చూశాను. ఏమే, ఏం పోగొట్టుకున్నావని అడిగితే తాళాలంది. తాళాలు నడుముకే ఉన్నాయి.

గురువారం మేమిద్దరం నా కారులో బయల్దేరాం. డ్వైట్ తన కారులో ముందు వెళ్లాడు. దారి పొడవునా మంచు కరిగి బురద. వెల్డా ఒళ్లో పెద్ద సంచి పెట్టుకుంది. రెండు గంటల దారిలో నాలుగుసార్లు ఆపించింది, కాళ్లు పట్టేశాయని. మూడోసారి ఒక పెట్రోలు బంకు దగ్గర దిగి చలిలో అటూ ఇటూ నడుస్తుంటే నాకు విసుగొచ్చి హారన్ కొట్టాను. ఆమె వచ్చి తలుపు తీసింది కానీ ఎక్కలేదు.

"నెడ్రా, నీకు గుర్తుందా, బడిలో నువ్వొక మాటన్నావు" అంది.

యాభై ఏళ్లలో ఆ మాట మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు. చిన్నపిల్లని, తెలియక అన్నానని గొణిగాను.

"తెలిసి అన్నావో తెలియక అన్నావో, నేను మాత్రం నమ్మాను. మా నాన్నని కూడా నమ్మలేదు, నిన్ను నమ్మాను" అంది. తర్వాత ఎక్కి తలుపు వేసుకుంది. నేను హారన్ మీది నుంచి చెయ్యి తీసి బండి కదిలించాను.

రాష్ట్రం వాళ్లు మాటలు వినే గది నేననుకున్నంత పెద్దదేమీ కాదు. ముందు ఒక బల్ల, బల్ల వెనక ముగ్గురు, మధ్యలో తెల్లజుట్టు ఆవిడ. ఎదురుగా మాట్లాడేవాళ్లకి ఒక కుర్చీ, మైకు. మనిషికి అయిదు నిమిషాలు. మాకంటే ముందు నలుగురు యజమానులు మాట్లాడారు. ఆ వాక్యం ఉంచితే చిన్న ఫ్యాక్టరీలు బతకవని అందరూ ఒకే పాట. అబద్ధం చెప్పారని అనను, వాళ్ల భయం వాళ్లది. డ్వైట్ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని బుద్ధిగా వింటున్నాడు. వెల్డా వెనక గోడకి ఆనుకుని నిలబడే ఉంది.

వెల్డా పేరు పిలిచారు. కూర్చోమన్నారు. నిలబడే చెబుతానండీ అంది. సంచిలోంచి డ్వైట్ ఇచ్చిన కాగితం తీసి బల్ల మీద బోర్లా పెట్టింది. తర్వాత పసుపు నోటుబుక్కు తీసింది.

"మా గేటు దగ్గర బోర్డు మీద ఇవాళ నాలుగు వందల తొమ్మిది అని ఉంది. పొద్దున నేనే తగిలించి వచ్చాను" అంది. "ఈ పుస్తకం కూడా ఆ నాలుగు వందల తొమ్మిది రోజులదే. ఇది కూడా నేనే రాశాను."

చదవడం మొదలుపెట్టింది. పేర్లు చదవలేదు. సోమవారం పొద్దున మైకులో అంకె పిలిచే గొంతే, అదే తీరు. ముందు ప్రెస్సు నంబరు, తర్వాత శరీరంలో ఏ భాగమో.

"పదకొండు. ఎడమ చూపుడువేలు, అయిదు కుట్లు. మూడు. కంట్లో ఇనుప పొడి. తొమ్మిది. కుడి భుజం, లోపల తెగింది, మెట్ల మీద పడ్డాడని నేనే చెప్పించాను. రెండు. మోచెయ్యి కాలింది."

డ్వైట్ మెల్లగా తల తిప్పి ఆమె వైపు చూశాడు. ఆయన ముఖంలో కోపం కాదు, అర్థం కాకపోవడమే కనిపించింది. నాకు మాత్రం ఒళ్లంతా చెవులయ్యాయి. ఎనభై మందిమి ఒకే కప్పు కింద ఏళ్ల తరబడి పనిచేశాం కదా, ఒక్కో నంబరుకీ ఒక్కో ముఖం నా కళ్ల ముందుకొచ్చింది. మూడో ప్రెస్సు మనిషి రెండు వారాలు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వస్తే మేమంతా సినిమా హీరో అని ఏడిపించాం. లోపల ఏముందో ఎవరికీ తెలియదని కాదు, తెలిసే ఏడిపించాం.

"ఆరు" అంది వెల్డా. "కుడి బొటనవేలు. గోరు ఊడి వచ్చింది, కొన దగ్గర ఎముక చిట్లింది. టేపు చుట్టించుకుని ఇరవై నిమిషాల్లో ప్రెస్సు మీదికి వెళ్లింది."

నేను చెయ్యి కోటు జేబులోకి తోసేశాను. ఆ గదిలో ఆరో ప్రెస్సు ఎవరిదో తెలిసినవాళ్లు ముగ్గురమే. అయినా అందరూ నా జేబు వైపే చూస్తున్నట్టు అనిపించింది. నా మీద నాకు రావలసిన కోపమంతా వెల్డా మీదికి పోయింది. నా వేలు సంగతి నలుగురిలో చదవడానికి నువ్వెవరివే అని లోపల పళ్లు నూరాను. ఆ వేలు ఇప్పటికీ చొక్కా గుండీ పట్టుకోలేదు. ఆ మాట నేను ఇంట్లో నా మొగుడికి కూడా చెప్పలేదు.

అయిదు నిమిషాలు అయ్యాయని గడియారం దగ్గర కూర్చున్నతను చెయ్యి ఎత్తాడు. వెల్డా ఆగింది. ఇంకెన్ని ఉన్నాయని తెల్లజుట్టు ఆవిడ అడిగింది. ఎనిమిది అంది వెల్డా. మొత్తం ముప్పై ఒకటి. ఆవిడ పక్కవాళ్ల వైపు చూసి, చదవండి అంది. ఎనిమిదీ చదివింది. చివరికి ఒక మాట చేర్చింది, ఇవి జరగకుండా బింగో ఆపలేదండీ, మీ చెవిన పడకుండా మాత్రం ఆపింది అని. తర్వాత పుస్తకం మూసి వచ్చి మళ్లీ గోడ దగ్గరే నిలబడింది.

వెంటనే నా పేరు పిలిచారు. లేచాను. చేతిలో బింగో కార్డు, ఇరవై మూడు గళ్ల మీద ఎర్ర ఇంటూలు, యాభై ఎనిమిది ఒక్కటే ఖాళీ. ఆ వేలు ఇదేనని చూపించవచ్చు. ఆమె చెప్పింది నిజమని ఒక్క ముక్క అంటే చాలు. చెప్పడానికేమీ లేదండీ అని కూర్చున్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా ముఖం వేడెక్కుతోంది.

బయట నడవలో డ్వైట్ వెల్డాని ఆపాడు. గొంతు పెంచలేదు. మా తాత ఫోటో గోడ మీద ఎలా పెట్టుకోను, చెప్పు అన్నాడు. వెల్డా ఆయన కోటు కాలరు మడత పడితే సరిచేసింది. ఆయన తండ్రి పోయినప్పుడు శవపేటిక పక్కన కూడా ఆమే ఆ కాలరు సరిచేసింది. ఆయన తలవంచుకుని లిఫ్టు వైపు వెళ్లిపోయాడు.

కింది అంతస్తులో క్లెయిములు తీసుకునే కిటికీ ఉంది. వెల్డా అక్కడికి గబగబా నడిచి, సంచిలోంచి ఒక ఫారం తీసి లోపలికి తోసింది. ఓరిన్‌ది. ఫారం యజమాని తరఫు మనిషి కూడా పెట్టవచ్చట, నాకు అప్పుడే తెలిసింది. దానికి నోటుబుక్కు పేజీ నకలు గుచ్చి ఉంది. కిటికీలో అమ్మాయి దాని మీద ముద్ర కొడుతుంటే నేను తొంగి చూశాను. కింద వెల్డా సంతకం, తేదీ. ఆ తేదీ ఈ వారానిది కాదు. ఓరిన్ భుజం తెగిన రోజుది, పోయిన ఏడాది ఫిబ్రవరిది.

కారు ఎక్కాక అడిగాను, అప్పుడే ఎందుకు నింపావని. అన్నీ అప్పుడే నింపాను అంది. ఏ రోజు దెబ్బకి ఆ రోజు సాయంత్రమే కూర్చుని, కాదులే నిలబడే, ఫారం నింపేదట. రేపు పంపుదామనుకునేదట. తెల్లారితే నిచ్చెనెక్కి అంకె మార్చాల్సి వచ్చేదట.

"ఎక్కడ పెట్టావే అవన్నీ?" అన్నాను.

"కుర్చీ మీద" అంది.

తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను, శుక్రవారం సంగతి ఆఖర్న చెబుతాను. ఏప్రిల్‌లో ఓరిన్‌కి ఆపరేషన్ అయింది. చెయ్యి భుజం ఎత్తు దాకా లేస్తోంది, అంతకు మించి లేవదు. జూలైలో డ్వైట్‌ని జట్టులోంచి తీసేశారు, ప్రీమియం పెరిగింది. సెప్టెంబరులో ఇద్దరిని పనిలోంచి తీశారు. వాళ్లలో ఒకడు వెల్డా కనబడితే వీధి అటువైపుకి దాటిపోతాడు. ఆమె దాన్ని భరిస్తుంది, ఆ వీధి దాటడం ఆమెకి పదేళ్లప్పటి నుంచీ అలవాటే. ఫ్యాక్టరీ మాత్రం మూతపడలేదు. వెల్డాని డ్వైట్ తీసెయ్యలేదు, అలాగని ముఖం చూసి మాట్లాడటానికి అయిదు నెలలు పట్టింది. రాష్ట్రం ఆ వాక్యాన్ని ఉంచింది, కాకపోతే కాస్త మెత్తబరిచిందట. అర్థం ఏమిటని వకీళ్లు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు.

ఇక శుక్రవారం. పొద్దున నేను వచ్చేసరికి గేటు దగ్గర ముప్పై మంది దాకా గుమిగూడి ఉన్నారు. వెల్డా నిచ్చెన మీద ఉంది. నాలుగు, సున్నా, తొమ్మిది మూడూ తీసేసి మధ్య కొక్కేనికి ఒక్క సున్నా తగిలించింది. కింద ఎవరో బూతు మాట అన్నారు. ఎవరో ఆమె కారు మీద మంచు ముద్ద విసిరారు. ఇంకా ఒక్క అంకె మిగిలినవాళ్లు నాతో కలిపి ముగ్గురున్నారు, మిగిలిన ఇద్దరూ నన్ను చూసి, నువ్వు పక్కనే ఉండి ఏం చేశావని నిలదీశారు. నేను గేటు దాటి లోపలికి నడిచాను.

ఏడింటికి మైకు గరగరమంది. ఇకమీదట అంకె పిలవనని వెల్డా చెప్పింది. ఈ నాలుగు వందల రోజుల్లో దెబ్బ తగిలినవాళ్లు తన గదికి రావాలని, ఏడాది దాటనివన్నీ ఇంకా పంపవచ్చని చెప్పి ఆపేసింది. ప్రెస్సులు మొదలయ్యాయి. ఎనిమిదైంది, తొమ్మిదైంది, ఎవరూ వెళ్లలేదు. అద్దాల కిటికీలోంచి ఆమె గది నాకు కనబడుతూనే ఉంటుంది. ఆ కొస నుంచి ఈ కొసకి, ఈ కొస నుంచి ఆ కొసకి అదే నడక. పదింటికి నా ప్రెస్సు పెడల్ మీద కాలు నాకే నిలవడం మానేసింది. ఆ వారమంతా ఆమెని పట్టుకున్నది నన్ను కూడా పట్టుకుంది కాబోలు. అందరూ చూస్తుండగానే మోటారు ఆపేశాను.

ఫ్రీజరు పక్కనుంచే నడవాలి కదా, నడిచాను. చేతిలో కార్డు ఉంది. మూత ఎత్తి దాన్ని లోపల పడేసి మూశాను. వెనక మరో ప్రెస్సు ఆగిన చప్పుడు వినిపించింది. మూడోదనుకుంటాను.

నన్ను చూడగానే వెల్డా ఆగింది. ఫైళ్ల దొంతర కుర్చీ మీద నుంచి రెండు చేతులా ఎత్తి బల్ల మీద పెట్టింది. అందులోంచి ఒకటి వెతక్కుండానే తీసింది. నా పేరు, ఆరో ప్రెస్సు, కుడి బొటనవేలు, తేదీ, అన్నీ ఆమె రాతలోనే ఉన్నాయి. గోరు ఊడినప్పుడు నేనేమన్నానో కూడా రాసింది. ఎవరికీ చెప్పకు, నాకు ఆరు అంకెలే మిగిలాయి అన్నానట. నాకు గుర్తులేదు, కానీ అది నా మాటే.

"చదువుకో. నిజమైతే సంతకం పెట్టు" అంది. "బలవంతం లేదు నెడ్రా. ఇది నువ్వే పెట్టాలి."

పెన్ను తీసుకున్నాను. ఆ వేలితో పట్టు దొరకలేదు, రెండుసార్లు జారి కింద పడింది. తను తీసి ఇస్తుందేమో అని చూశాను, ఇవ్వలేదు. నేనే వంగి తీసుకున్నాను. నేను మళ్లీ మొదలుపెట్టేలోగా వెల్డా ఆ కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. తాళంచెవుల గుత్తి చప్పుడు ఆగిపోయింది. నా పేరులో అయిదక్షరాలు వంకరటింకరగా రాయడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ఆమె ఆ కుర్చీలోంచి లేవలేదు.